బండ కింద నేల

మా చెల్లెలి కొత్తిల్లంటే నాకు మొదటి నుంచీ భయమే. ఆ భయం పెట్టింది ఏ వాస్తు పంతులో కాదు, నడిపే మనిషి లేని ఒక విమానం.

వికారాబాద్‌లో నేను పనిచేసే ఆఫీసుకు దాని చిత్రాలు వస్తాయి. మబ్బుల కంటే చాలా పైన ఎగురుతుంది కాబట్టి కంటికి ఆనదు, చప్పుడూ వినబడదు. కోట్‌పల్లి చెరువు నుంచి తాండూరు బండల గనుల దాకా అదే దారిలో మళ్లీ మళ్లీ తిరుగుతూ, పోయినసారికీ ఈసారికీ నేల ఎంత కుంగిందో రాడార్‌తో కొలుస్తుంది. కుంగినచోటు చిత్రంలో ఎర్రగా వస్తుంది. పోయిన ఎండాకాలం తాండూరు అంచున ఒక ఎర్ర మచ్చ కనబడింది. పక్క వీధిని గుర్తుపట్టాను. చెల్లె ఇల్లు ఆ మచ్చ అంచు మీదే ఉంది.

మా మరిదిది, అంటే చెల్లె భర్తది, బండల వ్యాపారం. పాత గనిగుంతను పనికిరాని పెచ్చులతో, పాలిషింగ్ బురదతో నింపి, చదును చేసి, దాని మీదే ఇల్లు కట్టాడు. బండ మంచిదో కాదో వేలితో కొట్టి చెప్పగలడు. చిత్రం చూపిస్తే నవ్వి, హాల్లో వంగి నేలను కొట్టాడు.

"ఇనబడ్డదా వదినె? గంట లెక్క మోగుతుంది. మీ ఆఫీసోల్లది నేల ఇడిసి సాము."

మోగేది బండ, దాని కింది నేల కాదని అరిచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. కోపంతో అన్నం కూడా తినకుండా రైలెక్కాను.

అయినా గృహప్రవేశానికి పోకుండా ఉండలేకపోయాను. వంటింట్లో నేల మీద పొయ్యి పెట్టారు. పాలు తూర్పుకు పొంగితే శుభమని అందరం చుట్టూ నిలబడ్డాం. పాలు పడమటికి పొంగాయి. మరిది గబగబా ఒక బండపెచ్చు తెచ్చి పొయ్యి కింద పడమటి వైపు దోపాడు. రెండోసారి పాలు తూర్పుకు పొంగాయి, అందరి మొహాలూ వెలిగాయి. కొద్ది రోజుల కిందటే మేస్త్రి రసమట్టం పెట్టి సమంగా ఉందని చూపించిన నేల అది. శకునం నిజం చెబితే వీళ్లు దాని నోట్లో రాయి కుక్కారు.

వానలు పడ్డాక చెల్లె ఫోన్ చేసింది.

"అక్కా, పొయ్యి కింద పెచ్చు ఒక్కటి సాలుతలేదే, ఇంకోటి పెట్టినం. బిడ్డ గది తలుపు పడ్తలేదు. ఇమానం మల్ల వచ్చిందా? మా ఇల్లు ఏ రంగుల ఉంది?"

చిత్రం నా ముందే ఉంది. ఎరుపు ఇంటిని పూర్తిగా కప్పేసింది. బట్టలు గిట్ల సదురకు, బిడ్డను తీస్కొని వచ్చెయ్ అన్నాను. ఆ రోజే ఇద్దరూ నా దగ్గరికి వచ్చేశారు. మరిది మాత్రం రాలేదు. కొత్తింట్లో ఏడాది దాకా దీపం ఆరొద్దంటాడు.

రోజూ సాయంత్రం ఫోన్ చేసి, ఫోన్ నేలకు ఆనించి బండను కొడతాడు. "ఇనబడ్డదా వదినె?" అంటాడు. ఖంగుమని వినబడుతుంది. చెల్లె పక్కనే చెవి ఆనించి కూర్చుంటుంది. ఎంత తిట్టుకున్నా ఆ చప్పుడు కోసం నేనూ ఎదురుచూస్తాను.

నిన్న ఖంగుమనలేదు. ఖాళీ డబ్బాను తట్టినట్టు డొల్లగా మోగింది. బండ కింద నేల లేదు.

చెల్లె నా చేతిలోంచి ఫోన్ గుంజుకుంది. "నీకు దండం పెడ్త, బయటికి రా!"



"ఆగు," అన్నాడు మరిది, "మల్లొక్కసారి కొట్టి చూస్త."