చెవులు సేఠ్‌కు, కండ్లు మనకు

మా పెద్దబాపు పోయాడన్న కబురు ఆయన పనిచేసిన సాంచాల షెడ్డుకు చేతుల మీదుగా చేరింది. సూరత్ ఉధ్నాలో ఆ మరమగ్గాల మోత మధ్య మాట వినబడదు. గుమ్మంలో నిలబడి నేను సైగలతో చెప్పాను. మొదటి వరుసలో ఉన్నతను రెండో వరుసకు, అతను మూడో వరుసకు అందించాడు. చివరి సాంచా దాకా కబురు వెళ్లినా ఒక్క గొంతూ లేవలేదు. కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ ఉండని పని అది. పెద్దబాపు నలభై ఏళ్లు చేశాడు.

సిరిసిల్ల పక్క నుంచి సూరత్ వచ్చిన పదేళ్లకే ఆయన చెవులు పోయాయట. ఇంట్లో ఆయన మామూలుగా మాట్లాడితే గల్లీ అంతా వినేది. రహస్యాలకు మాత్రం చేతులు వాడేవాడు. కూరలో ఉప్పెక్కువైందని నాకు సైగ చేస్తే, వంటింట్లోంచి పెద్దమ్మ గరిటె ఎత్తి చూపించేది. "సదువుకున్నదానివి, చేతుల మాట రాకపోతే ఎట్ల బిడ్డా?" అని నాకూ నేర్పాడు.

చెవి మిషన్ కొనిచ్చాం. ఒక్కరోజు షెడ్డుకు పెట్టుకెళ్లి సాయంత్రం తీసి టీవీ మీద పెట్టేశాడు. "గిన్నేండ్లకు చెవి ఒస్తే, కరెంటు పోంగనే మొదాలు ఇన్నది సేఠ్ తిట్లే. గీ భాగ్యానికి చెవెందుకు?" అన్నాడు. ఆ మిషన్ మళ్లీ కదల్లేదు.

సేఠ్ అంటే షెడ్డు యజమాని. చల్లగా ఏసీ వేసుకుని అద్దాల గదిలో కూర్చునేవాడు. అద్దం వెనక ఏం మాట్లాడినా బయటికి పొక్కదని ఆయన ధీమా. పెదాలు చూసి మాట పట్టడం సాంచాల మీద బతికినవాళ్లకు పుట్టువిద్యలాంటిదని ఆయనకు తట్టలేదు. సేఠ్ ఫోనులో భార్యను బతిమాలుకుంటే పెద్దబాపు దాన్ని సైగల్లోకి దించి అన్ని వరుసలకూ పంపేవాడు. పొట్ట పట్టుకుని అంతమంది ఎందుకు నవ్వుతున్నారో సేఠ్‌కు ఏనాడూ అర్థం కాలేదు. "చెవులు సేఠ్‌కిచ్చిన. కండ్లు నాయే," అనేవాడు పెద్దబాపు.

ఒక ఎండాకాలం ఆ కళ్లు నవ్వలేదు. పనివాళ్లు చాయ్‌కని మాటిమాటికీ బయటికి పోతున్నారు, వెనక తలుపుకు తాళం వెయ్యమని అద్దం వెనక సేఠ్ మేనేజర్‌తో అంటున్నాడు. ముందు తలుపు దగ్గర ఎప్పుడూ నూలు మూటలే. నిప్పంటుకుంటే లోపలివాళ్లకు ఆ వెనక తలుపే దిక్కు. పెద్దబాపు రెండు చూపుడువేళ్లు కొక్కెంలా కలిపి పట్టాడు. అంటే తాళం. తర్వాత ఫట్టున విడదీశాడు. ఆ సైగ వరుసలన్నీ దాటింది, సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సేఠ్ పరుగెత్తుకొచ్చాడు.

"తాలా నై, సేఠ్. ఆగ్ లగ్‌తే కిధర్ సే నికల్‌నా?" అన్నాడు పెద్దబాపు తనకొచ్చిన హిందీలో. తాళం వద్దు, మంటలొస్తే ఎటు నుంచి బయటపడాలి అని. తాళం పడలేదు. మాట బయటపెట్టింది అతనేనని మేనేజర్‌కు మాత్రం తిట్లు గట్టిగా పడ్డాయి. ఆ పాపం తనదేనని పెద్దబాపు అతనికి వారం రోజులు చాయ్ తాగించాడు.

పదకొండో రోజు భోజనాలకు పిలవడానికి నేను మళ్లీ షెడ్డుకు వెళ్లాను. వెనక తలుపుకు కొత్త తాళం మెరుస్తోంది. ఎప్పుడని సైగ చేశాను. నిన్ననే, పెద్దాయన లేడు కదా అని, పెద్దబాపు సాంచా మీద ఉన్నతను చేతులతోనే చెప్పాడు.

ఏడుపు కన్నా ముందు నాకు కోపం వచ్చింది. మనిషి పోతే మాట కూడా పోతుందా? చూపుడువేళ్లు కలిపి పైకెత్తాను. ఎత్తాక భయం వేసింది. పని పోతే వాళ్లది పోతుంది, నాది కాదు. దించబోతుంటే ఆ సాంచా ఆగింది. పక్కది ఆగింది. వరుస వరుసే ఆగింది.

సేఠ్ గదిలోంచి వచ్చి ఏమైందని అలవాటు ప్రకారం గొంతు చించుకున్నాడు. "క్యా హువా!"

ఆ నిశ్శబ్దంలో ఆయన అరుపు ఆయనకే అదురు పుట్టించింది. ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, షెడ్డంతా పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే చేతులన్నీ లేచాయి. వేళ్లు కలిశాయి, విడిపోయాయి. మళ్లీ కలిశాయి, విడిపోయాయి. సేఠ్ అందరి మొహాలూ చూసి జేబులు తడుముకున్నాడు. తాళంచెవి దొరికింది.

తలుపు తెరిచాక గాల్లో తేలే దూది నుసి ఎండలోకి సాగిపోయింది. సాంచాలు మళ్లీ మొదలయ్యాయి, మోత చెవులు కప్పేసింది. పెద్దబాపు సాంచా మీద ఉన్నతను నా వైపు తిరిగి పెదాలు కదిపాడు. ఏమీ వినబడలేదు. కానీ చదివేశాను.

"దర్వాజ తెరిశే ఉన్నది. చాయ్ తాగి పో, బిడ్డా."