పడవకు బిగించిన కారు బెల్టు

ఖతర్‌లో నాకు వీసా, పని ఇచ్చిన యజమానిని కఫీల్ అంటారు. మా కఫీల్ తండ్రితో నాకు రోజూ తగువే. తగువంతా కారు బెల్టు దగ్గర. డెబ్బై దాటిన ఆ పెద్దాయన నా పక్క సీట్లో కూర్చుంటాడు. రోడ్డు మీద కెమెరా కనిపించగానే బెల్టును గుండెల మీదికి లాక్కుని, కొసను తొడ కింద నొక్కిపెట్టి, బుద్ధిమంతుడిలా ముందుకు చూస్తాడు. కెమెరా దాటగానే వదిలేస్తాడు. “క్లిక్ అనాల బాబా, క్లిక్!” అని నేను అరుస్తాను. ఆయన నవ్వుతాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఖతర్ రాకముందు నేను కడప దగ్గర ట్రాక్టర్ ట్రాలీలు వెల్డింగ్ చేసేవాణ్ణి. ఆ మాట కఫీల్‌కు చెప్పడం కొరివితో తల గోక్కోవడమే అయింది. అల్ ఘర్రాఫాలో వాళ్ళ విల్లా ఆవరణలో ఒక చిన్న ఫైబర్ పడవ ట్రైలర్ మీద ఎండుతూ ఉండేది. దాన్ని లోతు సముద్రంలో పెద్ద చేపల వేటకు తగ్గట్టు మార్చమన్నాడు. నేను హౌస్ డ్రైవర్ని మొర్రో అంటే వింటాడా? గాలం తాడుకు అడ్డమని పక్క కడ్డీలు కోసేశాను. గాలం కర్రలు నిలబెట్టడానికి గొట్టాలు బిగించాను. మధ్యలో ఒక ఇనుప కుర్చీని నేలకు బోల్టులతో బిగించాను.

ఆ కుర్చీ పెద్దాయన కోసం. మోకాళ్ళు అరిగిపోయి ఊగే పడవలో నిలబడలేడు. చచ్చేలోగా ఇంకొక్క పెద్ద చేపను తన చేత్తో లాగాలని ఆయన కోరిక. ఆ కోరిక తీర్చాలని కొడుకు పట్టుదల. తండ్రి జారిపడకుండా కుర్చీకి బెల్టు కూడా పెట్టమన్నాడు. తుక్కు కారులోంచి ఒకటి విప్పుకొచ్చి, ఎర్ర మీట నొక్కితే ఊడేలా బిగించాను. కఫీల్ “జైన్, జైన్” అని మెచ్చుకుని వీపు తట్టాడు. సముద్రాన్ని విమానంలోంచి తప్ప సరిగా చూడని నేను తెగ పొంగిపోయాను.

ఆ సాయంత్రం టీ తెచ్చిన మా వంటాయన బెల్టు చూసి గ్లాసు కింద పెట్టేశాడు. ఆయనది కాకినాడ తీరం, తాతల నాటి నుంచి వేట కుటుంబం.

“ఇదేటిది? మడిసిని కుర్చీకి కట్టేత్తావా?”

“పడకుండా లేన్నా.”

“పడితే తేలతాడు. పడవ తిరగబడితేనో? కుర్చీతో పాటే అడుక్కెళ్ళిపోతాడు. లైఫ్ జాకెట్ ఏం సేత్తాది, ఇనప కుర్చీని పైకి లేపుద్దా? మా కాడ తాడు కొస సేతికి సుట్టుకుంటేనే పెద్దోళ్ళు తంతారు.”

వెంటనే కఫీల్ దగ్గరికి పోయి, వచ్చీరాని అరబ్బీలో హిందీ కలిపి, బెల్టు తీసేస్తానన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. తన తండ్రి సముద్రంలో పడినా నాకు ఫరవాలేదా అని అడిగాడు. “మాఫీ కలాం! ఇంక మాటల్లేవు. నువ్వూ రా. పక్కనే కూర్చుని మీట నువ్వే నొక్కు” అన్నాడు. ఉద్యోగం ఇచ్చినవాడితో అంతకు మించి ఏం వాదిస్తాను? పైగా నాకు ఈత కూడా రాదు.

శుక్రవారం పొద్దున్నే అల్ వక్రా నుంచి బయలుదేరాం. స్టీరింగ్ దగ్గర కఫీల్, కుర్చీలో పెద్దాయన, ఆయన కాళ్ళ దగ్గర నేను. కఫీల్ వెనక్కి తిరిగి, తండ్రి పొట్ట మీద అడ్డంగా ఉన్న బెల్టు చూసి “యల్లా, పోదాం” అన్నాడు. మీట జాకెట్ కింద ఎక్కడో ఉంది. దాని మీద చెయ్యి ఉంచుదామని పోతే పెద్దాయన నా చేతిని విదిలించేశాడు. రెండోసారి పోతే కసిరాడు. తీరం కనిపించకుండా పోయింది. నా ప్రాణమంతా ఆ కనిపించని మీట మీదే ఉంది.

గాలి లేచింది. వెనక్కి తిరుగుదామని కఫీల్ అంటుండగానే గాలం కర్ర విల్లులా వంగింది. దూరంగా నీళ్ళలోంచి బల్లెంలాంటి మూతితో, వీపు మీద పెద్ద రెక్క విప్పుకుని ఒక చేప ఎగిరింది. వంటాయన చెప్పే కొమ్ము కోనెం అదే కావాలి. పెద్దాయన కర్ర పట్టుకుని వెనక్కి వాలాడు. కర్ర జారిపోకుండా దాన్ని కుర్చీకే కొక్కెంతో తగిలించాం. చేప పడవ కిందికి దూరింది. కఫీల్ కంగారుపడి పడవను అడ్డం తిప్పాడు. అల పక్క నుంచి వచ్చి కొట్టింది. కుర్చీ బోల్టుల చుట్టూ ఫైబర్ నేల పటపటా చీలింది.

“మీట! మీట!” అని తెలుగులోనే అరుస్తూ ఆయన మీదికి దూకాను. జాకెట్ కింద తడిమాను. బెల్టు కొస అసలు తాళంలోనే లేదు. తొడ కింద నొక్కిపెట్టుకుని కూర్చున్నాడు! నడుం పట్టుకుని లాగాను. ఇద్దరం అల నీళ్ళు నిండిన నేల మీద పడ్డాం. నేను కడ్డీ కోసేసిన చోటు నుంచే కుర్చీ, గాలం కర్రతో సహా, సముద్రంలోకి దొర్లింది. బెల్టు కూడా దానితోనే మునిగిపోయింది.

కఫీల్ పడవను అలకు ఎదురు తిప్పి, ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో తండ్రి భుజం పట్టుకుని ఏడ్చాడు. పెద్దాయన కొడుకు చేతిని నిమిరి, “నేను సముద్రం మీద పెరిగినవాణ్ణి. నీ దిగులు పోవాలని పైపైన వేసుకున్నా” అన్నాడు. ఇన్నాళ్ళూ నేను తిట్టిన ఆ దొంగ తెలివిని తలుచుకుని మనసులోనే దండం పెట్టాను.

ఒడ్డుకు వచ్చాక పెద్దాయనను కారులో నా పక్కన కూర్చోబెట్టాం. కఫీల్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. బెల్టు లాగి తండ్రి గుండెల మీదుగా తెచ్చాడు గానీ, తాళంలో పెట్టలేక ఆగిపోయాడు. నా వైపు చూశాడు. నాకు ఎన్నడూ ఆజ్ఞలు తప్ప ఇవ్వని మనిషి, “ఇక్కడ పెట్టొచ్చా?” అని అడిగాడు.

“ఇక్కడ పెట్టాల్సిందే. ఇది కారు” అన్నాను.

క్లిక్ మంది. పెద్దాయన ఈసారి ఊడదీయలేదు.