మూడో గిన్నె

అబిడ్స్‌లో వెబ్ కోర్సు నేర్చుకుంటున్న మా మనవరాలు మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చీ రాగానే లాప్‌టాప్ తెరిచి దిగాలుగా కూర్చుంది. తాను కట్టిన పేజీలో రెండు పేర్ల చోట్లు మార్చబోతే ఒకే పేరు రెండుచోట్లా వస్తోందట, రెండోది మాయమైపోతోందట. "గీ పేజీ కట్టే ఫ్రేమ్‌వర్క్‌లనే ఏదో గడ్‌బడ్ ఉంది అమ్మమ్మా" అని అది విసుక్కుంటుంటే, నాకు మా మేనత్త వంటింటి గిన్నెలు కళ్లముందు మెరిశాయి.

చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి గుండె బలహీనపడడంతో బడికి పోలేని నాకు, నాంపల్లిలో మాతోనే ఉండే ఆ మేనత్తే బడీ, పంతులమ్మా అన్నీ. ప్రభువు ఆమె రూపంలో నాకు చేసిన మేలు అదని ఇప్పటికీ అనుకుంటాను. లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేసే ఆమె, నేను పెద్దయ్యాక ప్రోగ్రాములు రాయడం కూడా నేర్పడానికి పూనుకుంది. కాలేజీ గడప తొక్కని పిల్లకు ఉద్యోగం ఎవరిస్తారన్న బెంగ ఇంటిల్లిపాదికీ ఉండేది, నాకైతే మరీను. అబిడ్స్‌లో కొత్తగా వెలిసిన కోర్సుల బోర్డులు చూసి, వాటిలో చేరితే చాలు గట్టెక్కుతానని మారాం చేశాను. ఆమె మాత్రం ఒక గిన్నెలో పెసలు, ఇంకో గిన్నెలో కందిపప్పు పోసి, ఇవి అందులోకి, అవి ఇందులోకి మార్చమంది.

"ముందు గిది చెయ్యి బిడ్డా, కోర్సు యాడికి పోతది?"

ఇంతేనా అనుకుని పెసలు తీసుకెళ్లి నేరుగా కందిపప్పులో గుమ్మరించాను! ఇక ఆ మధ్యాహ్నమంతా ఏరడమే. ఆమె కోప్పడలేదు, తనూ పక్కన కూర్చుని ఏరుతూ, పప్పు గనక ఏరుకుంటున్నాం, కంప్యూటర్లో అయితే పాతది చెరిగిపోతుంది, ఏరుకోవడానికి ఏమీ మిగలదని చెప్పి, చివరికి ఒక ఖాళీ గిన్నె తెచ్చి పక్కన పెట్టింది.

కొన్నాళ్లకు నాంపల్లిలోనే ఒక ఆఫీసులో ఉద్యోగ పరీక్ష. పేర్లను అక్షరక్రమంలో పేర్చే ప్రోగ్రాం రాయాలి. పెద్ద చదువుల వాళ్ల మధ్య కంగారులో ఏం మరిచానో, తెరమీద ఒకే పేరు మళ్లీ మళ్లీ రాసాగింది. మనసులో ప్రార్థించుకుని, ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న టిఫిన్ క్యారియర్ విప్పి అన్నం గిన్నె, కూర గిన్నె ముందు పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

"ఏందమ్మా, గంట కొట్టకముందే దావత్ షురూ చేసినవా?" అన్నారు పరీక్ష పెట్టే పెద్దమనిషి. గదంతా నవ్వింది. నేను మాత్రం అడుగునున్న ఖాళీ గిన్నె కూడా తీసి ఆ రెంటి పక్కన పెట్టాను. అప్పుడు తెలిసింది, ప్రోగ్రాంలో నేను మరిచిపోయింది దాన్నే, రెండు పేర్లు చోట్లు మారేలోగా ఒకదాన్ని దాచి ఉంచే ఖాళీ చోటును. సరిచేయగానే పేర్లన్నీ వరసలో నిలబడ్డాయి. ఆ ఉద్యోగమే నాకు అన్నం పెట్టింది, దేవునికి స్తోత్రం.

మొన్న మనవరాలి ముందు కూడా పెసలూ కందిపప్పూ పెట్టాను. నవ్వుతూ పెసల గిన్నె ఎత్తి, వంచబోయి ఆగింది. దాన్ని కింద పెట్టి, లేచి వంటింట్లోకి వెళ్లి ఇంకో గిన్నె తెచ్చుకుంది.

నేను తబ్బిబ్బైపోయాను. అడిగిందల్లా క్షణంలో అందించే యంత్రాలు వచ్చాయి, అబిడ్స్‌లో బోర్డులన్నీ మారాయి, మంచిదే. కానీ తప్పు చేయనిచ్చి, మధ్యాహ్నమంతా పక్కన కూర్చుని మనతోపాటు పప్పు ఏరే తీరిక ఇప్పుడు ఎవరికుంది? మా మేనత్తకు ఉండేది.