తియ్యమన్నాడు, తీశాను

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు భయం ఎక్కువ, తెలివి తక్కువ. ఇప్పుడు భయం ఒక్కటే తగ్గింది. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్ ట్రైనీని. కోల్డ్‌రూంలో వేడి పెరిగితే సైరన్ మోగించే ప్రోగ్రాం ఒకటుండేది. ప్రోగ్రాముల వివరాలుండే కంప్యూటర్ రిజిస్ట్రీలో దానికో ఎంట్రీ, ఎన్ని డిగ్రీలకు మోగాలో అందులోనే రాసుండేది. ఆ ఎంట్రీ ఉంటేనే ప్రోగ్రాం నడుస్తుంది. దాన్ని ముట్టుకోవాలంటే నల్లతెర మీద కమాండు కొట్టి, చివర ఒక గీత, ఒక అక్షరం పెట్టాలి. మా సీనియర్ అన్న నాకు చీటీ రాసిచ్చాడు: 'గీత ఎ కలుపుడు. గీత ఎం మార్చుడు. గీత డి తీసుడు.' (బడిలో ఎక్కాలు కూడా అంత శ్రద్ధగా బట్టీ పట్టలేదు.)

నాట్లున్నాయని అన్న హత్నూర దగ్గరున్న వాళ్ల ఊరెళ్లిన రోజే, సైరన్ మోగాల్సిన డిగ్రీ మార్చమన్నారు మేనేజరు. అన్నకు ఫోన్ చేశాను.

"గంతే గదా. ముందుగాల కోల్డ్‌రూం ఎంట్రీ తియ్యి," అన్నాడు.

చీటీ చూశాను. తీసుడంటే గీత డి. కొట్టాను. ఆ కమాండు 'నిజంగానేనా?' అని కూడా అడగలేదు.

"తీసినవా?"

"తీశానన్నా."

"ఏం కనవడుతుంది?"

"ఏమీ లేదన్నా."

"ఏం లేకపోవుడేందిరా? మంచిగ సూడు!"

"తీసేశాక ఇంకేం ఉంటుందన్నా?"

"ఓపెన్ చెయ్యమన్న రా," అన్నాడు అన్న మెల్లగా. "తలుపు తియ్యమంటే ఊడ పీకుతవా? ఇగ సైరన్ మోగది. జల్దీ పోయి థర్మామీటర్ ముంగట కూసో. నేనొస్తున్న."

కూర్చున్నాను. లోపల నెలంతా చేసిన మందు ఉంది. అది పాడైతే నా ఉద్యోగం ఉండదు. నాన్న అప్పటికే రిటైరయ్యారు, ఇంట్లో నాదొక్కటే ఉద్యోగం. థర్మామీటర్ ముల్లు కదిలినప్పుడల్లా మొహం దానికి ఆనించి చూశాను. (నా పెళ్లిచూపుల్లో కూడా అంత రెప్పవేయకుండా చూడలేదు.)

మోకాళ్లదాకా బురదతో వచ్చాడు అన్న. గీత ఎ పెట్టి, ఎంట్రీ మొత్తం గుర్తున్నది గుర్తున్నట్టు మళ్లీ రాశాడు. పరీక్షకని సైరన్ మోగిస్తే నాకు ఏడుపొచ్చింది. ఆ మోతకు మేనేజరు వచ్చి, సంగతి తెలుసుకుని, "ఎవరు తీశారు?" అన్నారు.

"నేనే తియ్యమన్న సార్," అన్నాడు అన్న.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మెమో అన్నకొచ్చింది. ఆ ఏడు ప్రమోషనూ ఆగింది. నేను పక్కనే నిలబడి నోరు మెదపలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇప్పుడు అన్న కుర్చీలో నేనున్నాను. 'తియ్యి' అనే మాట నా నోట రాదు. ఇంట్లో కూడా తలుపు "ఓపెన్ చెయ్యి" అంటాను, మా ఆవిడ నా ఇంగ్లీషుకు దండం పెడుతుంది. మొన్న అన్న మక్క కంకుల సంచితో కిష్టారెడ్డిపేటలోని మా అపార్ట్‌మెంట్‌కు వచ్చాడు. బయట నుంచే కేక: "తలుపు తియ్యిరా! ఊడ పీకకు!"

తీశాను. ఇన్నేళ్లకు నోరు పెగిలింది. "ఆ రోజు తీసింది నేనని చెప్పాల్సిందన్నా."

"చెప్తే నిన్నే తీసెటోళ్లు గదరా," అని సంచి నా చేతికిచ్చి, చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.