మూడుముక్కలాట నేర్చినవాడు

ఫోన్‌లో పోకర్ ఆడేటప్పుడు నా ముక్కలకంటే ఎదుటివాళ్ల తీరునే ఎక్కువ చూస్తాను. ఎవరు ఏ ముక్కలకు ఎంత వేశారో వాళ్ల బొమ్మ కింద రాసిపెట్టుకుంటాను. డబ్బు పెట్టని ఉత్త చిప్స్ ఆటే, అయినా సరే.

ఆ ఆదివారం పోటీలో చివరికి ఇద్దరం మిగిలాం. నాకు ఐదూ ఇస్పేటు ముక్కలే పడి కలర్ అయింది, కానీ చిన్నది. అవతలివాడు ఉన్న చిప్సన్నీ ముందుకు తోశాడు. వాడిది నాకంటే పెద్ద కలర్ అయితే పోటీ పోయినట్టే.

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరులో మా ఇంటికొచ్చిన బావమరిది తొంగిచూశాడు. అతనూ అప్పుడప్పుడు ఫోన్‌లో నాతో ఈ ఆటే ఆడతాడు.

"ముక్కలు పడేయ్ బావా. పెద్ద కలర్ లేకుంటే అన్నీ యాడ తోస్తాడు?"

"వాడు మూడుముక్కలాట నేర్చినోడప్పా. ఆడ కలర్ కంటే సీక్వెన్స్ పెద్దది, ఈడ ఉల్టా. వానికింకా అది తలకెక్కలే. కలరొస్తే భయపడతాడు, సీక్వెన్సొస్తే అన్నీ తోస్తాడు. శానా దినాల నుంచి చూసి రాసిపెట్టుకుంటాండా."

"నీ లెక్క తప్పితే?"

"తప్పదు."

నేనూ అన్నీ పెట్టాను. ముక్కలు తెరుచుకున్నాయి. వాడిది సీక్వెన్సే. పోటీ నేను గెలిచాను.

మా బావమరిది మెచ్చుకోలేదు. ఫోన్ లాక్కుని, "నా మింద ఏం రాసినావు బావా?" అని వెతకసాగాడు. అంతకంటే పెద్ద మెప్పు నాకు ఇంతవరకూ దొరకలేదు.