జీపుకు కప్పిన చేపలవల

వాయుగుండం ఎటు తిరుగుతుందో తెలియదని టీవీలో చెబుతుంటే, మా మనవరాలు సూళ్లూరుపేట దగ్గర మైదానంలో పాత బండ్ల మేళాకు జీపు తోలుకుపోయి తీరతానని కూర్చుంది. అది వాళ్ల తాత వడ్లు మిల్లుకు తోలిన జీపు. ఆయన పోయాక కొట్టంలో పడి తుప్పు పట్టింది, కోళ్లు అందులో గుడ్లు పెట్టేవి. ఈ పిల్ల దాన్ని విప్పి మళ్లీ బిగించింది. పైన టాపు గుడ్డ తన చేత్తోనే కుట్టింది. గాలికి ఆ గుడ్డ చినిగితే పడ్డ కష్టమంతా నీళ్లపాలు.

“అవ్వా, వామి మీద కప్పే వల ఈ ఒక్కసారికి ఇయ్యి” అనింది.

మా వాకాడు వైపు గాలివాన వస్తుందంటే గడ్డివామి మీద పాత చేపలవల పరిచి, అంచులకు రాళ్లు వేలాడదీస్తాం. ఉత్త టార్పాలిన్ పట్ట కప్పితే గాలి కిందకు దూరి ఎగరేసుకుపోతుంది. వల గాలిని పోనిస్తుంది, కింద ఉన్నదాన్ని అదిమి పట్టుకుంటుంది.

“ఇయ్యను పోమే. గడ్డి ఎగిరిపోతే బర్రెలు నీ జీపును మేస్తాయా?”

అలిగిందనుకున్నాను. మరునాడు స్కూటీ మీద వల మోపుతో దిగింది. ఇల్లంతా నీచు వాసన.

“ఎవురిచ్చినారే నీకు ఊరికే?”

“ఊరికే కాదవ్వా. పాళెంలో ఒకాయన బోటు ఇంజన్ మొరాయిస్తా ఉంటే బాగుచేసినా. చినిగిన వల ఇచ్చినాడు. చిల్లులు ఆయన భార్య దగ్గర కూచోని అల్లినా.”

పైసా ఖర్చు లేదు. నాకు ముచ్చటేసింది. రాళ్లకు బదులు ఖాళీ యూరియా సంచులు మడిచి పెట్టుకుంది. ఇసుక అక్కడే ఉంటుంది, బరువు మోసుకుపోయి డీజిలు తగలేయడమెందుకంది. ఆ మాటకు నేనూ జీపెక్కాను.

మైదానంలో మా పక్కన టాపు లేని ఎర్రకారు తెచ్చినాయన ముక్కు మూసుకున్నాడు.

“ఏందమ్మా, జీపా, ఎండుచేపల అంగడా?”

“గాలి రానీ అన్నా, అంగడి అప్పుడు తెరుస్తా.”

ఎండ కాస్తుండగానే జీపు ముక్కును గాలొచ్చే సముద్రం వైపు తిప్పింది. సంచులకు ఇసుక నింపి, వల పరిచి, అంచులకు కట్టింది. అందరూ ఫోటోలు దిగుతుంటే ఈమె ముడులు లాగి చూసుకుంటూ తిరిగింది.

మధ్యాహ్నం గాలివాన విరుచుకుపడింది. షామియానా కూలింది. ఎర్రకారు మీది పట్ట లేచిపోయి కంచెకు చుట్టుకుంది. దాన్ని పీక్కొచ్చిన ఆయన మా వైపు చూశాడు.

“చూస్తావేందన్నా, కారు ఇటు నెట్టు!” అని ఒక వైపు సంచులు విప్పింది.

“మే, వల సాలదు! మన టాపు పోతాది!” అని నేను అరిచాను.

“సాలుద్దవ్వా. నువ్వు ఆ మూల పట్టుకో.”

పట్టుకున్నాను. పట్ట మళ్లీ కప్పిన ఎర్రకారూ మా జీపూ ఒకే వల కింద ఒదిగాయి. వాన వెలిశాక చూస్తే టాపుకు ఒక్క కుట్టు ఊడలేదు. ఎర్రకారాయన వల ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నాడు.

ఇంటికొచ్చి ఆ వలను నేనే ఉతికి ఆరేశాను.

“వామికి వాడుకో అవ్వా” అనింది.

వాడుకోలేదు. మడిచి జీపు వెనక సీటు కింద పెట్టాను.