పైపు పీకేసిన బోరు

2018 వేసవిలో నేను బోర్ల బండి మీద డ్రిల్లరుగా పని చేస్తున్నాను. బండి అంటే నిజానికి రెండు లారీలు. ఒకదాని మీద రాడ్లు దించే స్తంభం, రెండోదాని మీద గాలి కొట్టే కంప్రెసర్ ఉంటాయి. డ్రిల్లరు లీవర్ల దగ్గర నిలబడి, చేతికి తగిలే అదురును బట్టి, పైకొచ్చే పొడి రంగును బట్టి లోపల ఏ రాయి ఉందో పోల్చుకోవాలి. ఆ ఎండల్లో మా బండి రాయచోటికి పడమట, గుట్టల నడుమ ఉన్న ఒక చిన్న పల్లెకు వెళ్లింది. ఊరి పేరు రాయడం లేదు. ఆ చుట్టుపక్కల వాళ్లకు కాస్త చదవగానే తెలిసిపోతుంది. వాళ్లకు తెలియాలనే రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది ఎర్రగుంట్లలో. మా వీధి చెట్ల ఆకులు కూడా సిమెంటు రంగులోనే ఉండేవి. గట్టి వాన పడిన మర్నాడు మాత్రమే వాటి అసలు రంగు బయటపడేది. చదువు ఒంటబట్టక బండెక్కాను. అప్పటి నుంచి లారీ కిందే పడక. ఆలూరు వైపు నల్లరేగడి కానీ, ఇటు ఎర్రమొరుసు కానీ, నాకు ఏ ఊరైనా ఒకటే. రాయి ఎంత లోతులో తగులుతుంది, ఎంత గట్టిది, అంతే. నేల మీద ఏముందో తలెత్తి చూసినవాణ్ణి కాదు.

ఆ పల్లెకు మమ్మల్ని పిలిపించింది గుర్రప్ప అనే రైతు. అతని చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఎండుతోంది. పండబారకముందే కాయలు రాలిపోతున్నాయి. అరచేతిలో టెంకాయ పెట్టుకుని తిరుగుతూ నీళ్ల జాడ చెప్పే ఒకాయన చూపించిన చోట మొదటి బోరు వేశాం. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. పైగా హ్యామరు పగిలింది. హ్యామరంటే రాడ్ల చివర ఉండి రాయిని దంచే ఇనుప ముక్క. కొత్తది తమిళనాడు నుంచి రావాలి. వచ్చేదాకా మాకు పని లేదు.

కాలు నిలవక, గొర్రెలు నడిచిన దారి పట్టుకుని వంక వెంబడి పైకి పోయాను. వంకలో చుక్క లేదు. రెండు పక్కలా తంగేడు, బలుసు, ఎండి గలగలలాడే గడ్డి. ఒక మలుపు తిరిగేసరికి గాలి చల్లగా తగిలింది. పెద్ద బండ నీడలో నాలుగైదు ఈత చెట్లు, వాటి కింద ఇసుకలో మూరెడు వెడల్పు చెలమ. అడుగున ఇసుక రేణువులు కదులుతూ కనబడేంత తేటగా ఉన్నాయి నీళ్లు. నా దగ్గరున్న స్టీలు చెంబు ముంచబోయాను.

"ఓ బోరప్పా! ఆ చెంబు ముంచొద్దు!"

బండ మీద నుంచి ఒక మనిషి దిగి వచ్చాడు. గొర్రెలు మేపుకునే ఓబులేసు. నాకంటే కొంచెం పెద్దవాడు.

"ఏం, నీళ్లు అరిగిపోతాయా?" అన్నాను.

"అరగవు, అలుగుతాయి. ఈడి గంగమ్మకు ఇనుము గిట్టదు. చేత్తోనన్నా తాగు, ల్యాకుంటే ఇదో, ఈ సొరకాయ బుర్రతోనన్నా తోడుకో."

"మా బండి నిండా ఇనుమే కదా మరి."

"అందుకే మీ బండిని ఊరికి ఆ తట్టు నిలబెట్టించినాం. ఆయమ్మ చూసిందంటే గుండెలు బాదుకోని పరిగెత్తుతాది."

ఆ చెలమను ఎప్పుడూ చేతులతోనే తీస్తారట. ఇసుక పూడుకుపోతే ఊరివాళ్లు వచ్చి చేతులతోనే తోడిపోస్తారు. పార గానీ గడ్డపార గానీ అక్కడికి తీసుకురారు. కుళాయి రాని రోజుల్లో ఊరు తాగేవి ఆ నీళ్లే. ఊరందరి గొర్రెల్నీ మేపేది ఓబులేసు కాబట్టి ఎండాకాలం గొర్రెలకూ అవే.

హ్యామరు వచ్చేదాకా నేను దినమూ అక్కడికే పోయాను. పొద్దునే తేనెటీగలు తడి ఇసుక మీద వాలి, కాళ్లు తడవకుండా నీళ్లు తాగేవి. ఎండ ముదిరాక పికిలి పిట్టలు జంటగా వచ్చి, ఒకటి తాగుతుంటే ఒకటి కాపలా కాసేది. సాయంత్రం కౌజు పిట్టలు పొదల్లోంచి ఒకదాని వెనక ఒకటి, ఆడపెళ్లివారిలా బెదురుతూ వచ్చేవి. నాలుగు దోసిళ్లు తోడితే చెలమ అడుగంటేది. మళ్లీ ఊరేదాకా అందరూ, నాతో సహా, ఊరికే కూర్చుని చూడాల్సిందే. యంత్రం మోతలో పాతికేళ్లు బతికినవాడికి అలా నీళ్ల కోసం కాచుకు కూర్చోవడం కొత్త. ఊట బండ అంచునుంచి కాదు, ఈత చెట్ల పైతట్టు నుంచి వస్తోందని చూస్తూ చూస్తూ నాకే తెలిసింది. అటు ఇసుక తెల్లవారుజామున ముదురు రంగులో ఉండేది.

"ఏమప్పా, ఈడనే ఇల్లు కట్టుకుంటావా ఏంది?" అని ఓబులేసు ఎగతాళి చేసేవాడు. "చెప్పు, నా గొర్రెల్లో నిన్నూ ఒగదాన్ని ఏసుకుంటా."

నవ్వేవాణ్ణి. కానీ ఇది నా చోటు అని జీవితంలో మొదటిసారి అనిపించింది అక్కడే.

హ్యామరు వచ్చింది. గుర్రప్ప నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "ఇన్ని ఊర్లు తిరిగినోనివి. టెంకాయ మాట ఇని మునిగినా. నువ్వన్నా చెప్పప్పా, యాడ ఏస్తే పడతాది?"

అతని పొలం కొస ఈత చెట్ల పైతట్టు దాకా ఉంది. అక్కడ వెయ్యమని నేనే చెప్పాను. ఆ పొలం కొసన నీళ్లున్నాయని నాకు నేర్పింది ఆ చెలమే. నేను దాన్ని బండికి చూపించాను.

రాడ్లు ఎక్కిస్తుంటే ఓబులేసు వచ్చాడు. "ఆడొద్దు బోరప్పా. చెలమకు శానా దగ్గర."

"అది పైపైన ఊరే నీళ్లు. మేం పోయేది పాతాళానికి. దానికీ దీనికీ సంబంధం లేదు" అన్నాను. బండి మీద అందరూ చెప్పే మాటే అది. నేనూ నమ్మాను. అతను నన్ను నమ్మి, గొర్రెల్ని తోలుకుని వెళ్లిపోయాడు.

పైన మొరుసులో, అంటే రాయి అరిగి అయిన గరుకు మట్టిలో, తడి తగిలింది. దాని కింద నల్లరాయి. చాలా లోతుకు పోయాక ఒక్కసారిగా పొడి రావడం ఆగిపోయింది. మేం కొట్టే గాలినంతా లోపలి చీలిక ఏదో మింగేస్తోంది. అది ఉత్త చీలిక, అందులో నీళ్లు లేవు. ఇంకొంచెం దించాం. ఏమీ లేదు. గుర్రప్ప గట్టు మీద చతికిలబడి, "పైపు పీకేయండప్పా" అన్నాడు.

ఇక్కడ పైపు సంగతి చెప్పాలి. బోరులో పైభాగం వదులు మట్టి కూలకుండా ఒక గొట్టం దించుతాం. దాన్ని కేసింగ్ అంటారు. అది పైనీళ్లను కూడా బోరులోకి దిగకుండా అడ్డుకుంటుంది. బోరు ఫెయిలైతే పైపన్నా మిగులుతుందని రైతు పీకించుకుంటాడు. మా సీమంతా ఇదే వాడుక. బొక్క మీద ఒక బండరాయి పెట్టి వెళ్లిపోతాం.

మర్నాడు పొద్దున గుర్రప్పతో కలిసి ఆ రాయి పెట్టడానికి పోయాను. వంగేసరికి లోపలి నుంచి చప్పుడు. నీళ్లు గోడ వెంట జారి, ఎక్కడో లోతున పడుతున్నాయి. గుర్రప్ప కూడా విన్నాడు. అతని ముఖం వెలిగింది.

"నీళ్లా అప్పా? పడినాయా?"

"లేదు. పైన ఉన్న తేమ జారుతోంది. అదే ఆగిపోతుంది" అన్నాను.

ఆగదని నాకు తెలుసు. మొరుసులో ఊరే నీటికి, రాయిని చీల్చి కిందికి దారి చేసింది నేనే. అది చెలమ దాకా పోకుండా నేరుగా ఆ ఉత్త చీలికలోకి దిగుతోంది. పైపు మళ్లీ దించి చుట్టూ సిమెంటు పొయ్యాలి, లేదా బోరంతా బంకమట్టితో పూడ్చాలి. ఒక పూట పని. కానీ ఇంకో ఊళ్లో రైతు కాచుకుని ఉన్నాడు, మా బండి మేస్త్రీ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. రాయి దొర్లించి, బండెక్కాను.

మరుసటి వేసవి పక్క ఊరికి పనికి పోయి, ఆగలేక వంకలోకి నడిచాను. ఈత చెట్లు మొవ్వు దాకా ఎండిపోయాయి. చెలమ ఉన్నచోట ఎవరో పొడిచి పొడిచి తవ్విన గుంత ఉంది. గుర్రప్ప దగ్గరికి పోయి అడిగాను.

"ఓబులేసు గడ్డపార ఏసినాడప్పా. నీళ్లు దిగతాండాయని లోతు తీయబోయినాడు. ఇనుము తగిలే పాటికి గంగమ్మ పాయ. ఊరంతా వాని మీద పడిరి. గొర్రెలు ఎవురివి వాళ్లు తోలుకపోయిరి. వాడు పెండ్లాన్ని పిల్చుకోని యాడికో పాయ."

"నీళ్లు దిగడం ఎప్పుడు మొదలైంది?"

అతను నా వైపు చూడలేదు. "మీ బండి పోయినాక." వెంటనే, "బోరు నా పొలంలోది, చెలమను తాకల్యా అని ఎవురూ దాని ఊసెత్తల్యా. మన బోరు మాట నువ్వూ ఎత్తొద్దప్పా. నేను ఈ ఊర్లో బతకాల" అన్నాడు.

సరే అన్నాను. ఆ 'సరే'తో కొన్నేళ్లు గడిపాను. ఓబులేసు ఎక్కడున్నాడని వెతకలేదు.

అతనే నాకు కనబడ్డాడు, అదీ మా ఎర్రగుంట్లలో. పోయిన ఏడాది ఫ్యాక్టరీ దారిలో టీ అంగడి దగ్గర, తల నుంచి కాళ్ల దాకా సిమెంటు దుమ్ముతో ఉన్న ఒక హమాలీ, "బోరప్పా!" అన్నాడు. ఆ పిలుపును బట్టే గుర్తుపట్టాను. టీ చెప్పాడు. నన్ను డబ్బు తియ్యనివ్వలేదు.

"నీకు ఒగ మాట చెప్పాలని శానా దినాలుగా అనుకుంటాండా. నువ్వు కూర్చునే తావు పోగొట్టింది నేనే అప్పా. గొర్రెలు నాలికలు బయటేసి నిలబడ్న్యాయి. చూడల్యాక గడ్డపార ఎత్తినా." టీ గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. "తాగప్పా, సల్లారిపోతాంది" అన్నాడు.

ఆ రోజు టీ తాగి వచ్చేశాను. ఆ ఆదివారం అతని గదికి వెళ్లి అంతా చెప్పాను. పైపు సంగతి, చప్పుడు సంగతి.

"ఆ సప్పుడు నువ్వు ఇన్న్యావా?"

"విన్నాను."

"ఇని, పోతివి."

"పోయాను."

గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "ఇన్నేండ్లు నేను గంగమ్మకు చెయ్యెత్తి మొక్కలేదప్పా. ఏ మొగం పెట్టుకోని మొక్కేది అని." తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "ఊర్లోకొచ్చి చెప్తావా?" అని మాత్రం అడిగాడు.

ఇద్దరం పోయాం. గంగమ్మ గుడి ముందర కూర్చున్న వాళ్ల ఎదుట నిలబడి చెప్పాను. ఒక ముసలాయన, "అదంతా సరే, ఇనుము తగిలింది కూడా నిజమే కదా" అన్నాడు. ఒకామె నన్ను చూసి, "నీ నోట్లో మన్ను పడ, అప్పుడే చెప్పకూడదా" అంది. అప్పటిదాకా స్తంభం వెనక నిలబడ్డ గుర్రప్ప ముందుకు వచ్చి, "పైపు పీకమనింది నేను. నోరు మూసుకోమనింది నేను" అన్నాడు. ఓబులేసు గుడి మెట్ల దాకా పోయి, రెండు చేతులూ ఎత్తి మొక్కాడు.

ఆ బోరును మట్టితో, సిమెంటుతో పూడ్చాం. గుర్రప్ప ట్రాక్టరు ఇచ్చాడు. వానలు పడ్డాక చూసొచ్చాను. ఇసుక లోపల తడి ఉంది, నీరు నిలవలేదు. ఈత చెట్లు చచ్చినవి చచ్చినట్టే ఉన్నాయి. ఓబులేసు ఊరికి తిరిగి పోలేదు. గొర్రెలు లేవు, కొండ తిరిగే కాళ్లు లేవు అన్నాడు.

ఇప్పుడు నా చేతి మీద ఫెయిలైన బోరు పూడ్చకుండా బండి కదలనివ్వను. మేస్త్రీ విసుక్కుంటాడు, రైతులు గొణుక్కుంటారు. పైపు పీకమంటే, ముందు ఆ చుట్టూ నడిచి, అక్కడ ఏవి తాగుతున్నాయో, ఎక్కడి నుంచి తాగుతున్నాయో చూసి వస్తాను. ఒక చోటును ఇష్టపడటం వేరు, దాన్ని కాపాడటం వేరు అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మొదటిది నాకు సులువుగా వచ్చింది. రెండోది ఒక పూట పని, నేను చెయ్యలేదు.

మొన్న ఓబులేసు అన్నాడు: "ఊర్లో చెప్తివి, ఇన్నోళ్లు ఇన్న్యారు. గంగమ్మను పోగొట్టినాడని నా పేరు చెప్పుకున్నోళ్లు సుట్టూరా అన్ని పల్లెల్లోనూ ఉండారు. వాళ్లకెవురు చెప్తారప్పా?"

నేనే చెప్తున్నాను. ఆ వంకలో నీళ్లు పోయింది ఓబులేసు గడ్డపార వల్ల కాదు. అతను గడ్డపార ఎత్తేసరికే అవి పోతున్నాయి. పోగొట్టింది నేను వేసిన బోరు.